ఎల్వుడ్ కత్తెర

పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లో, ప్రభుత్వ అడవిలో మాకో చెక్క గుడిసె ఉంది. గుడిసె మాది, కింద నేల సర్కారుది, అడవి అందరిదీ. ఈ సంగతి మా బావమరిది ఎల్వుడ్‌కు తప్ప అందరికీ తెలుసు. కాలిబాటన ఎవరైనా నడిచిపోతుంటే చాలు, గడపలో నిలబడి, "ఎవర్నడిగి వచ్చారయ్యా మా అడవిలోకి?" అని గద్దిస్తాడు. వాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఇతనేమో దండయాత్ర తిప్పికొట్టినవాడిలా లోపలికొచ్చి కాఫీ అడుగుతాడు.

దుప్పుల వేట మొదలయ్యే వారం మేమంతా అక్కడే ఉంటాం. గురి తప్పినవాడిని బెంచీ ఎక్కించి, చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరు రాసి గోడకు మేకు కొట్టడం మా తాతల నాటి ఆచారం. కత్తెర ఎల్వుడ్‌ది. గోడ మీదున్న నా గుడ్డముక్కలన్నీ కలిపితే ఓ బొంత కుట్టొచ్చు. మాతో వేటకొచ్చే పాస్టర్ మెర్విన్‌ను కూడా వదల్లేదు. "దేవుడు మిమ్మల్ని చూస్తూనే ఉన్నాడు పాస్టరుగారూ, మీకే దుప్పి కనపడట్లేదు" అంటూ కచక్కున కోసేశాడు.

ఎల్వుడ్ గుడ్డ మాత్రం ఒక్కటీ లేదు. గురి తప్పితే కదా! రోజంతా తన చెట్టెక్కి కాపు కాసేవాడే గానీ, నిజానికి కొట్టిందీ లేదు. "మరీ చిన్నది బావా, పాపమని వదిలేశా" అని ఏటా అదే పాట. మేం తలలూపేవాళ్లం. ఊపకపోతే కత్తెర ఉందిగా.

పోయినేడు అతని మోకాలు వాచింది. అదే పొద్దున నా కూతురు డార్లీన్ తన తుపాకీని వాగులో జారవిడిచింది.

"మావయ్యా, నీ తుపాకీ ఇవ్వు. ఎలాగూ మంచమెక్కావుగా."

ఎల్వుడ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "అది మొరటుది తల్లీ. భుజం పోద్ది."

"నా భుజం సంగతి నేను చూసుకుంటాలే" అని అది తుపాకీ అందుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం మూతి బిగించుకుని తిరిగొచ్చింది. పెద్ద కొమ్ముల దుప్పి ఎదురుగా వచ్చి నిలబడిందట. మీట నొక్కితే టిక్కుమంది. మళ్లీ నొక్కితే మళ్లీ టిక్కు. దుప్పి దీన్ని కాసేపు ఎగాదిగా చూసి, తన దారిన తను పోయిందట.

ఎల్వుడ్ మోకాలి నొప్పి మరిచి లేచాడు. "దుప్పి వచ్చిందా? నువ్వు నొక్కావా? అది పోయిందా? ఇంకేం, ఎక్కు బెంచీ!" కత్తెర అప్పటికే చేతిలో ఉంది.

నేను తుపాకీ విప్పాను. లోపల తూటాను కొట్టే సూది విరిగి ఉంది. విరిగినచోట తుప్పు ముదిరిపోయింది. దాన్ని తీసి బల్ల మీద, పులిసిన క్యాబేజీ గిన్నె పక్కన పెట్టాను.

"ఏరా, ఇది ఇవాళ విరిగిందా?"

"తేమ బావా. ఈ అడవిలో తేమ ఎక్కువ."

"అయితే ఇన్నేళ్లూ ఆ చెట్టెక్కి ఏం చేశావు మావయ్యా?" అంది డార్లీన్.

ఎల్వుడ్ క్యాబేజీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "శాండ్‌విచ్ తినేవాణ్ణి" అన్నాడు.

ఎవరికీ నవ్వాగలేదు. డార్లీన్ కత్తెర లాక్కుంది. ఎల్వుడ్‌ను బెంచీ ఎక్కమని నేనంటే పాస్టరు అడ్డుపడ్డాడు. "తూటా పేలనిదే చొక్కా తోక కోయకూడదు. ఆచారం ఆచారమే." ఆ మాటతో ఎల్వుడ్ గురి తప్పినవాళ్ల లెక్కలోకి కూడా రాకుండా పోయాడు; అతని గుడ్డకు గోడ మీద చోటే లేదు. మిగిలిన రోజులు బల్ల చివర కూర్చుని తిన్నాడు. బాటన పోయేవాళ్లకు దారి కూడా చూపించాడు. అది చూసి నాకే జాలేసింది.

ఈ ఏడు కొత్త తుపాకీతో, మడత విప్పని కొత్త చొక్కాతో దిగాడు. తొలిరోజు పొద్దున్నే అతని చెట్టు వైపు నుంచి తూటా పేలింది. అంతా పరుగెత్తాం.

"తప్పింది! వేలెడు దూరంలో తప్పింది బావా! ఇంతింత కొమ్ములు!" అని చేతులు చాచి గంతులేస్తున్నాడు. గురి తప్పినందుకు అంత సంబరపడినవాణ్ణి నేనెప్పుడూ చూళ్లేదు.

ముందురోజు రాత్రి మంచు బాగా కురిసింది. ఆ చెట్టు చుట్టూ కనుచూపు మేర తెల్లగా, పరిచిన దుప్పటిలా ఉంది. దుప్పి కాదు గదా కుందేలు అడుగైనా లేదు. ఉన్నవన్నీ ఎల్వుడ్ బూట్ల గుర్తులే. నేను నోరు తెరవబోతే డార్లీన్ నా కాలు తొక్కింది.

సాయంత్రం పిలవకముందే బెంచీ ఎక్కి వీపు తిప్పాడు. "వెడల్పుగా కొయ్యి తల్లీ. పేరు పెద్ద అక్షరాల్లో పట్టాలి." డార్లీన్ కోసింది, పాస్టరు మేకు కొట్టాడు. ఎల్వుడ్ కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు బాటన పోయేవాళ్లను లోపలికి పిలిచి మరీ ఆ గుడ్డ చూపిస్తున్నాడు. మొదట్లో వేలెడు దూరంలో తప్పిన దుప్పి వారం తిరిగేసరికి వెంట్రుకవాసిలో తప్పింది. వచ్చే ఏటికల్లా అది చచ్చిపోతుందని మా భయం.