కాళ్లు కడుక్కొని రండి

మా చర్చి వార్షికోత్సవ సంచికలో నా గురించి అర పేజీ రాశారు. పుండు పడిన కాలిని సైతం ప్రేమతో కడిగిన సేవకుణ్ణట. రాసినవారికి నా మీద అభిమానమే తప్ప మరో ఉద్దేశం లేదు. కానీ అది నిజం కాదు. అసలు జరిగింది ఇద్దరికే తెలుసు: నాకు, ఆ కాలు గల కాకాకు.

గోదావరిఖనిలో మా చర్చి చిన్నది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లు, లేదా చేసి రిటైరైనవాళ్లు. నేను సంఘ పెద్దని. ఏటా గుడ్‌ఫ్రైడేకు ముందు గురువారం సాయంత్రం యేసు తన శిష్యులకు చేసినట్టే, పన్నెండుమందిని బెంచీల మీద కూర్చోబెట్టి, సంఘ పెద్ద తన నడుముకు తువాలు కట్టుకొని వాళ్ల కాళ్లు కడుగుతాడు. పెద్ద అన్నవాడు అందరికంటే కింద కూర్చోవాలని దాని అర్థం.

మొదటి ఏడు నేను కడిగినప్పుడు మూడో మనిషికే బేసిన్‌లో నీళ్లు నల్లబడ్డాయి. చాలామంది షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. ఫోటోలు చూసుకుంటే నాకే నచ్చలేదు. మరుసటి ఏడు నుంచి, ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం నాడే ప్రకటించేవాణ్ణి: "పేర్లు చదివినవాళ్లు సబ్బుతో కాళ్లు కడుక్కొని రండి."

"ఇంట్లనే కడుక్కొని వస్తే ఇగ నువ్వేం కడుగుతవన్నా?" అంది వెనక నుంచి ఒక అక్క. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రకటన మాత్రం మార్చలేదు.

నిరుటి జాబితాలో కాకా పేరుంది. నేను బాయిలో చేరిన కొత్తలో పని నేర్పింది ఆయనే. కొత్త బూట్లు కరిచి కుంటుతుంటే, బొగ్గు పొడిలోనే కూలబడి "చూపియ్యి" అని నా కాలు ఒళ్లో పెట్టుకున్న మనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు.

బుధవారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. ఒక కాలికి గుడ్డ చుట్టి, పైన సాక్సు తొడుక్కున్నాడు.

"బిడ్డా, రేపు నా పేరు తియ్యి. కాలుకు పుండైంది. నువ్వేమో కడుక్కొని రమ్మంటివి. ఎంత కడిగినా వాసన పోతలేదు."

"షుగరున్నది గద కాకా, దవాఖానకు పోయినవా?"

"ఒక్కన్ని ఆటో ఎక్కుడైతలేదు. నువ్వు జర వస్తవేమోనని…"

"ఈ పండుగ పని ఒడవనీ కాకా. ప్రార్థనల పెడ్త."

మా సంఘంలో అది మంచి మాట. ఎవరు ఏ బాధ చెప్పినా ప్రార్థనలో పెడతాం. ఆయన ఎదుటే పుస్తకం తీసి పేరు రాసుకున్నాను. నేను చూస్తానేమోనని ఆయన కాలు కొంచెం ముందుకు జరిపాడు. అప్పటికే నేను బసంత్‌నగర్ నుంచి రావలసిన పాటల బృందానికి ఫోన్ కలిపాను. ఆయన సాక్సు పైకి లాక్కొని వెళ్లిపోయాడు.

గురువారం ఆయన చోట మరొకరిని కూర్చోబెట్టి, మురికి లేని పన్నెండు జతల కాళ్లు కడిగాను. ఆ తర్వాత ఈస్టరు, దాని వెంట నా షిఫ్టులు. ప్రతి ప్రార్థనలోనూ ఆయన పేరు చదివాను. చదవలేదని ఎవరూ అనలేరు. పన్నెండో రోజున ఆయన ఇంటికి వెళ్లేసరికి పాదం నల్లబడి ఉంది. అప్పుడు ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లాను.

"ఇన్ని రోజులు ఎవరూ చూడలేదా?" అని డాక్టరు నన్నే అడిగాడు. మోకాలి కింది నుంచి తీసేశారు.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. అన్నం తీసుకెళ్తాను, స్నానానికి నీళ్లు పెడతాను. క్షమించమని అడిగాను.

"నువ్వు కోసినవా బిడ్డా? షుగర్ కోసింది," అంటాడు. తిట్టినా బాగుండేది. ఏం చేసినా ఆ కాలు రాదు.

ఈ ఏడు జాబితా రాస్తుంటే ఆయనే అన్నాడు: "నా పేరు రాయి. ఒక్కటే ఉన్నది, జల్ది అయిపోతది."

ఆటోలో తీసుకొచ్చి బెంచీ చివర కూర్చోబెట్టాను. వరసగా కడుగుతూ ఆయన ముందుకు వచ్చేసరికి, "కడుక్కొని రాలే బిడ్డా. నాతోని వంగుడైతలేదు," అన్నాడు మెల్లగా.

"చూపియ్యి కాకా," అని పాదం ఒళ్లో పెట్టుకున్నాను.

సంచికలో వేసిన ఫోటో అదే. రాసినవారు పుండు ఈ కాలికే అనుకున్నారు. తల వంచుకొని ప్రార్థిస్తున్నానని కింద రాశారు. అది ప్రార్థన కాదు. మడమ దగ్గర చిన్న పగులు కనిపించింది. కొత్తదో పాతదో తెలియక దాన్నే చూస్తున్నాను.