మిషను ఆపిన కాసేపు

మా తరగతిలో ఆమెను అందరూ ఆగమ్మ అనేవారు. బడి మైదానంలో నాలుగు వందల మంది వరుసల్లో నిలబడి ఉదయపు పాట ఎత్తుకోబోతుండగా, మెట్ల మీద వయొలిన్ పట్టుకొన్న తొమ్మిదేళ్ల పిల్ల "ఆగండి, ఆగండి" అంటూ కమాను పైకెత్తేది. ఆమె తీగలు శ్రుతికి వచ్చేదాకా ప్రధానోపాధ్యాయురాలంతటి మనిషి కూడా ఎండలో నిలబడవలసిందే. ఆ పేరుకు ఆమె ఏనాడూ కోపగించుకోలేదు. పెద్దయ్యాక కూడా ఫోన్ చేసి "నేనే, ఆగమ్మను" అనేది.

గత నెలలో రిహార్సల్‌కు వెళ్తూ, బస్సులోనే, మెదడులో రక్తనాళం చిట్లి ఆగమ్మ మరణించింది. వయసు ముప్పై ఒకటి. ఒళ్లో వయొలిన్ పెట్టెను రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నందువల్ల, నిద్రపోతోందనుకొని కండక్టరు చివరి స్టాపు వరకు లేపలేదట.

ఏడో ఏట మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్లు వాయించింది. ఉదయం రెండు బడుల్లో పిల్లలకు నేర్పేది. మధ్యాహ్నం నుంచి స్టూడియోలో ఎనిమిది వయొలిన్ల వరుసలో చివరి కుర్చీ ఆమెది. ఆ కుర్చీలో కూర్చున్నవారు విడిగా వినిపించకూడదనీ, ముందువారి ధ్వని పలచబడకుండా కాయడమే వారి పని అనీ ఆమె నాకు వివరించింది. "గోడలో ఇటుకను నేను. ఇటుకకు పేరెవరు పెడతారే?" అని నవ్వింది. పేరు రాకపోవడం ఆమెను బాధించినట్లు నాకు ఆధారమేదీ దొరకలేదు. శ్రుతి తప్పినవారి పక్కన కూర్చోవలసి వస్తే మాత్రం ఆ రోజు ఇంటికి వచ్చాక అన్నం సయించేది కాదట.

ఆధారం అన్న మాటను నేను ఊరికే వాడలేదు. మూడేళ్ల క్రితం వాద్యకారుల జీవితాలపై నేను చేసిన అధ్యయనం కోసం ఆమెను మా ఇంట్లోనే పదకొండు సార్లు కలిసి, పద్నాలుగు గంటల సంభాషణ రికార్డు చేశాను. మాటల మధ్యలో "ఇది నోటితో చెప్పేది కాదు" అని ఆమె వయొలిన్ అందుకొనేది. అప్పుడు నేను రికార్డరు ఆపేసేదాన్ని. మాటలను పొల్లుపోకుండా కాగితం మీదికి ఎక్కించాలి. వాద్యాన్ని ఎక్కించలేం కనుక అది నా సామగ్రి కాదు. పద్ధతి ప్రకారం నేను చేసింది సరైనదే.

"సరిగ్గా నేను చెప్పబోయేటప్పుడే దాని గొంతు నొక్కేస్తావేంటే?" అని రికార్డరును చూపించి ఎత్తిపొడిచేది. ఇద్దరం నవ్వుకొనేవాళ్లం.

ఆమె పోయిన మూడో వారంలో తల్లి నన్ను పిలిపించింది. ఆమె దర్జీ. ముందు గదిలో కిటికీ కింద కుట్టు మిషను, దండేనికి సగం కుట్టిన జాకెట్లు, కత్తిరింపు బల్ల మీద అరిగిన సుద్దముక్కలు. వెనక గది కూతురిది. రెంటికీ మధ్య తలుపు లేదు, పరదా ఒక్కటే.

"నీ దగ్గర అది మాట్లాడిన రికార్డులున్నాయటగా తల్లీ?" అని అడిగింది.

అన్నీ ఒక పెట్టెలో పెట్టి తెచ్చి ఇస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మాటలు నాకెందుకమ్మా? దానికి నోరెక్కువ, ఇంట్లో కావలసినన్ని విన్నాను. వాయించింది కావాలి. ఒక్కటంటే ఒక్కటి, మొదటినుంచి చివరిదాకా. అది లోపల వాయిస్తూనే ఉంది, నేనిక్కడ కుడుతూనే ఉన్నాను. ఈ మిషను గోలలో దాని పాట పూర్తిగా ఒక్కసారీ వినలేదు. ఎక్కడికి పోతుందిలే, రేపు విందాం అనుకున్నా."

అప్పటికే ఆమె స్టూడియోకు వెళ్లి అడిగి వచ్చింది. ఎనిమిదింటిలో కూతురి వయొలిన్‌ను విడదీయలేమనీ, విడదీయగలిగితే ఆమె పని సరిగా చేయనట్లేననీ వరుసకు పెద్దాయన చెప్పి కళ్లు తుడుచుకొన్నాడట. ఇక ఫోన్లలో వెతకడం దండగ. ఫోన్‌లో వయొలిన్ దోమ కూతలా ఉంటుందని ఆగమ్మ ఎవరినీ తీయనిచ్చేది కాదు. మిగిలింది నా రికార్డరు. నిజం చెప్పడానికి నోరు రాక, "వెతికి చూస్తాను పిన్నీ" అని బయటపడ్డాను.

మూడు రోజులు కూర్చొని పద్నాలుగు గంటలూ విన్నాను. ప్రతిసారీ బటను సమయానికే నొక్కాను. అయితే ఆమె తీగలు సరిచేసుకొనేటప్పుడు ఏమైనా మాట్లాడుతుందేమోనని కాసేపు ఆగేదాన్ని. ఆ కాసేపటిలో బిరడాలు బిగించిన చప్పుడు, తీగ మీద కమాను రాపిడి. నేను రాసుకొన్న ప్రతిలో వాటికి ఎదురుగా "అప్రస్తుత శబ్దం" అని ఉంది. అలాంటివి పంతొమ్మిది. అన్నీ కలిపితే తొమ్మిది నిమిషాలు. పాట ఒక్క ముక్క లేదు.

ఆదివారం పొద్దున వెళ్లాను. ఆమె మిషను ముందు కూర్చొని చొక్కా చేయి అతుకుతోంది.

"పిన్నీ, అది వాయించబోయిన ప్రతిసారీ నేనే ఆపేశాను. శ్రుతి చేసుకొన్నది తప్ప నా దగ్గర ఏమీ లేదు."

ఆమె దారం తెంపింది. సూదిని గుడ్డలో గుచ్చింది. "సరే, అదే పెట్టు" అంది.

పెట్టాను. తీగ పలికింది.

"మూడోది ముందు. ఎప్పుడూ అంతే," అంది, కిటికీవైపు చూస్తూ. మరికాసేపటికి, "ఇప్పుడు సరిపోయిందనుకుంటావు. లేదు, మళ్లీ వదులు చేస్తుంది చూడు."

రికార్డులో తీగ కిందికి జారింది. మళ్లీ నెమ్మదిగా పైకి వచ్చింది.

ఆమెకు ఇదంతా ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. మిషను చప్పుడులో శ్రుతి కుదరదని పరదా వెనకనుంచి "అమ్మా, ఆగు" అని కేకేసేదట. అప్పుడు ఈమె పెడల్ మీదినుంచి కాలు తీసేదట. తీగలు సరిపోయాక కూతురు మడమతో నేల మీద రెండుసార్లు కొట్టేదట, ఇక కుట్టుకో అని.

ఇరవై నాలుగేళ్లలో ఆ ఇంట్లో మిషను ఆగింది ఆ కాసేపే. నేను పద్నాలుగు గంటల్లో ఏరి తెచ్చింది ఆమె దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. నా చేతిలో ఉన్న ప్రతిని మడిచి సంచిలో పెట్టేశాను.

రికార్డులో మడమ చప్పుడు రెండుసార్లు వినిపించింది. వెంటనే, నేను నొక్కిన బటను.

తల్లి కుడికాలు తనంతట తానే పెడల్ మీదికి వెళ్లింది. తొక్కలేదు. అలాగే ఉంచి, పరదావైపు తిరిగి కూర్చొంది.

ఆ తర్వాత కాలు తీసి నేల మీద పెట్టుకొంది.

"తర్వాతది పెట్టమ్మా," అంది.

ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.