కింది వాటా మంత్రిగారు

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో మేమున్న అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. దక్షిణ అమెరికాలోని తమ దేశంలో ముప్పై ఏళ్లు ఎన్నికలు గెలిచి, మంత్రిగా చేసి, ప్రభుత్వం కూలిపోయాక ఇక్కడికొచ్చేశారు. ఎవరితో మాట్లాడాలన్నా లేచి నిలబడి కోటు గుండీ పెట్టుకునేవారు.

వాళ్ల దేశపు ఎన్నికల్లో ఓటేయడానికి ఓసారి ఆయన్ని హ్యూస్టన్‌లోని కాన్సులేట్‌కు కార్లో తీసుకెళ్లాను. "జనం చుట్టుముడతారు, విసుక్కోకమ్మా," అని దారంతా చెబుతూనే ఉన్నారు.

క్యూలో ఎవరూ పలకరించలేదు. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే పేరు స్పెల్లింగ్ అడిగింది. ఆయన గుండీ పెట్టుకుని ఒక్కో అక్షరమే చెప్పారు.

తిరుగుదారిలో, "నువ్వైతే నాకు ఓటేసేదానివా?" అన్నారు.

"తప్పకుండా వేసేదాన్ని, అంకుల్."

"ఎందుకు?"

జవాబు కోసం నావైపు తిరిగారు. మూడేళ్లుగా పైవాటాలోనే ఉంటూ, ఆయన తన జనానికేం చేశారో నేనెప్పుడూ అడగలేదు.