ఒక ఇంట్లో నాలుగు ఇంటిపేర్లు

మా మేనకోడలి పెండ్లి పత్రిక ప్రూఫ్ ఫోనుకు వచ్చిన కాసేపటికే కోదాడ నుంచి ప్రెస్సాయన ఫోన్ చేశాడు.

"మేడమ్, పెళ్లికొడుక్కి ఒక ఇంటిపేరు, వాళ్ల నాన్నగారికి ఇంకోటి, అమ్మగారికి మరోటి ఉందండీ. మీరే తప్పు రాసిచ్చారేమో చూసుకోండి. సాయంత్రం అచ్చుకి పోతుంది."

పెండ్లికొడుకుది ఐస్‌లాండ్. హైదరాబాద్‌లో మా పిల్ల, అతను ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ససేమిరా అన్న మా అన్నను ఒప్పించింది నేనే. "పిల్లవాడికి నాది పూచీ" అన్నాను. నా నోటికి అడ్డూ అదుపూ ఎప్పుడున్నాయి కనుక!

పాస్‌పోర్టు కాపీలు తీసి చూశాను. తప్పు మాది కాదు. పైగా అతని చెల్లెలికి నాలుగో పేరు. మనలో అన్నాచెల్లెళ్లంటే, చెల్లెలికి పెండ్లి కానంత వరకు ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. కొంపదీసి ఎవరినో తెచ్చి అమ్మానాన్నలని చూపించాడా? మేనకోడలికి ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు. అన్న ఇంటికని సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడలో దిగాను. పెండ్లి ఆగితే ఆ పిల్ల ముఖం ఎట్లా చూడాలి?

అన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. పత్రిక అతనికీ చేరింది.

"ఏందే చెల్లె ఇది? తల్లిదో పేరు, తండ్రిదో పేరు. వీళ్లు నిజంగ ఒక్కింటోళ్లేనా? జర సక్కగ చెప్పు, లేకుంటే ఈ పెండ్లి ఖతం."

అప్పుడే మేనకోడలు వీడియో కాల్ చేసింది. పక్కన అతనూ ఉన్నాడు. సంగతి విని ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నాయినా, వాళ్లకు ఇంటిపేర్లే ఉండవు. తండ్రి పేరుకు 'సన్' కలిపితే కొడుకు, 'డోట్టిర్' కలిపితే బిడ్డ. గంతే," అంది మేనకోడలు.

అతని పేరు చివర ఉన్నదానికి అర్థం ఫలానా ఆయన కొడుకు అని. తండ్రి పేరులో ఉన్నది తాత పేరు. తల్లి ఇప్పటికీ వాళ్ల నాన్న కూతురే. చుట్టుపక్కల దేశాలవాళ్లూ ఒకప్పుడు ఇట్లాగే పిలుచుకునేవారట. తర్వాత వాళ్లు ఆ పేర్లను వంశానికి కట్టేసుకున్నారు, వీళ్లు మాత్రం తరానికోసారి మార్చుకుంటూ వస్తున్నారు.

అన్న ఫోనుకు దగ్గరగా జరిగాడు.

"మరి పెండ్లయినంక నా బిడ్డ పేరు ఏమైతది?"

మేనకోడలు ఇంగ్లీషులో చెప్పినా అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి చెబితే, "ఏమీ కాదు. పెండ్లికి పేరెందుకు మారుతుంది?" అన్నాడు.

అన్న కోదాడకు ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టే కొట్టమన్నాడు. నేను చెంబెడు నీళ్లు గటగటా తాగాను. గండం గడిచిందనుకుంటుంటే అన్న నా వైపు తిరిగాడు.

"నీ పెండ్లయినంక ఓటరు లిస్టుల నీ ఇంటిపేరు దగ్గరుండి మార్పిచ్చింది నేనే. నిన్నొక్క మాటన్న అడిగిన్నా, చెల్లె?"

"అడగలేదన్నా," అన్నాను. "ఎందుకని నేనూ అడగలే."