మేనత్త పాస్‌పోర్టులో పడని ముద్ర

పోయిన నెల బెళ్ళందూరులో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర ఒక యువకుడు మా మేనత్త ప్రసక్తి తెచ్చి, ఆమె రంగూను నుండి దొంగచాటుగా ఈ దేశంలో దిగిందనీ, బెంగుళూరు పోలీసులు పట్టుకున్నారనీ చెప్పగా పంక్తి అంతా నవ్వింది. ఆ నవ్వు నాకు సహించలేదు. నాడు ఆమె వెంట ఉన్నవారిలో నేనొక్కడినే మిగిలాను గనుక, జరిగినదాన్ని జరిగిన క్రమంలో వ్రాసిపెట్టడం నా విధి అని తలచి కలం పట్టాను.

మేనత్త మా నాన్నగారికి ఒక్కగానొక్క చెల్లెలు. బెంగుళూరు చిక్కపేటలో మా బట్టల దుకాణం వెనుక ఇంట్లోనే పుట్టి పెరిగి, రంగూనులో కలప అడితీలో గుమాస్తాగా ఉన్న మామయ్యను పెళ్ళాడి సముద్రం దాటింది. బర్మా స్వతంత్రమైన తరువాత మామయ్య ఉద్యోగం నిలుపుకోవడానికి అక్కడి పౌరసత్వం తీసుకోగా, ఆమెకూ అదే వచ్చింది. పందొమ్మిది వందల యాభైలలో, నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో, నాయనమ్మకు జబ్బు చేసిందని విని, మాటలు నేర్చుకుంటున్న కూతురిని అత్తగారి చేతిలో పెట్టి, ఒంటరిగా ఓడెక్కి మద్రాసు వచ్చింది.

మా ఇంట ఒక ఆచారం ఉండేది. ఆడపడుచు పుట్టింటికి వస్తే గుమ్మంలో నిలబెట్టి ఏమీ అడగరాదు. ముందు లోపలికి తీసుకువెళ్ళి మంచినీళ్ళిచ్చి, ఆమె కూర్చున్న తరువాతే కుశలప్రశ్నలు. నాన్నగారు ఆ నియమాన్ని మద్రాసు రేవుకు కూడా వర్తింపజేశారు. తెలిసినవారి సాయంతో లోపలిదాకా వెళ్ళి, పరదేశీయుల వరుసలో నిలబడబోతున్న చెల్లెలి చేయి పట్టుకుని, అదే ఓడలో తిరిగివచ్చిన మన దేశపు పెద్ద కుటుంబమొకటి బయటికి కదులుతుండగా వారి నడుమ నడిపించుకు వచ్చేశారు. చీర కట్టు, బొట్టు, నోట తెలుగు ఉన్న ఆమెను ఎవరూ ఆపలేదు. పాస్‌పోర్టు పెట్టె అడుగునే ఉండిపోయింది. తన చెల్లెలిని ఎవరూ ఎవరమ్మా నువ్వని అడగకుండా తీసుకువచ్చానని నాన్నగారు ఇంటికి వచ్చి గర్వంగా చెప్పారు.

నాయనమ్మ కోలుకుంది. తిరుగు టిక్కెట్టు కోసం వెళితే ఓడ కంపెనీవారు పాస్‌పోర్టు తిరగేసి, ఈ దేశంలోకి వచ్చినట్టు ముద్ర లేదు, ఈమెను ఎక్కించుకోలేమన్నారు. బర్మావారు తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతికేమో గడువు దగ్గరపడుతోంది. అది దాటితే అక్కడికి పోవడానికి లేదు; ముద్ర లేనిదే ఇక్కడ నుండి కదలడానికి లేదు. కూతురు అక్కడ. మేనత్త అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపినది అలాగే వదిలేసి లేచిపోయేది.

ఇంగ్లీషు వచ్చినవాడినని నేను వెంట వెళ్ళాను. విదేశీయుల పేర్లు నమోదుచేసే పోలీసు కార్యాలయంలో అధికారి నడివయసు కన్నడిగుడు, మాటలో తొందర లేనివాడు. మేనత్తకు కుర్చీ వేయించి, మేము చెప్పినదంతా విని, రెండు పత్రాలు కావాలన్నారు. ఆమె ఫలానా ఓడలో దిగిందని కంపెనీవారిది ఒకటి; ఈమె బర్మా దేశస్థురాలు, పరదేశి, రేవులో ముద్ర వేయించకుండా తానే బయటికి తీసుకువచ్చానని నాన్నగారి స్వహస్తంతో మరొకటి. మొదటిది కొంత తిరుగుడు మీద దొరికింది. రెండవదాని దగ్గర నాన్నగారు మొండికేశారు.

"నా తోడబుట్టినదాన్ని పరదేశి అని నా చేత్తో రాసేది లేదప్పా. కావాలంటే నన్ను లోపలెయ్యండి."

"మిమ్మల్ని లోపలేసి నేనేం చేసుకునేదప్పా?" అన్నారు అధికారి. "ఆమె మీ ఇంటి బిడ్డ కాదని నేనంటినా? ఈ పుస్తకం బర్మా వాళ్ళది, అంతే." ఆ పైన మేనత్త వైపు తిరిగి, రంగూనులోనైనా మిమ్మల్ని తమవాళ్ళంటారా అమ్మా అని అడిగారు. ఆమె నవ్వి, "ఆడా బయటోళ్ళనే అంటారు సార్" అంది.

ఆ నవ్వు అంతలోనే పోయింది. కాగితం నాన్నగారి ముందుకు ఆమే జరిపింది.

"అన్నా, నేను ఈడ పుట్టిందాన్నే. నా బిడ్డ ఆడ ఉండాది. నువ్వు పరదేశి అని రాస్తేనే నేను దాని కాడికి పోయేది. రాయి."

నాన్నగారు వ్రాశారు. తప్పు ఎలా జరిగిందో అధికారి పాస్‌పోర్టులో ఒక వాక్యంగా చేర్చి, సంతకం చేసి, ముద్ర వేశారు. ఆయన నియమం సడలించలేదు, మాట తూలలేదు. అటువంటి ఉద్యోగిని నేను ఈనాటికీ గౌరవిస్తాను.

ప్రయాణం నాడు నాయనమ్మ ఒడిబియ్యం పోస్తుంటే, బియ్యం పండే దేశానికి బియ్యం మోయిస్తావా అని మేనత్త వేళాకోళం చేస్తూనే కొంగు పట్టింది. రేవులో నాన్నగారు ఆమెను పరదేశీయుల వరుసలో తామే నిలబెట్టి, పిలుపు వచ్చేదాకా పక్కన నిలుచున్నారు. చేరినట్టు ఉత్తరం వచ్చింది. బిడ్డ మొదట ఆమె దగ్గరికి రాలేదట, రెండవనాడు వచ్చిందట.

అరవైలలో అక్కడ పరిస్థితులు మారి మనవాళ్ళు వేలాదిగా తిరిగివచ్చినప్పుడు, ఆ దేశపు పౌరులైన మామయ్యా మేనత్తా రాలేకపోయారు. ఉత్తరాలు పలచబడి, ఆగిపోయాయి. నాన్నగారు ఆమెను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఎవరు ఏ దేశస్థులో యంత్రాలే తేలుస్తున్నాయి. పరదేశి అన్న మాట వ్రాయమని ఏ అన్నకూ కలం ఇవ్వడం లేదు. అది మేలే. అయినా, వ్రాయలేనని ఒక మనిషి మొండికేయడానికి చోటున్న ఆ కార్యాలయం అప్పుడప్పుడు మనసులో మెదులుతుంది.

ఆ కాలపు ఓడల పద్ధతులు, అనుమతుల నియమాలు నాకంటె బాగా తెలిసిన రంగూను కుటుంబాలవారు ఈ ఊళ్ళో ఇంకా ఉండవచ్చు. నేను వ్రాసినదానిలో ఎక్కడ తప్పు కనిపించినా మొహమాటం లేకుండా తెలియజేయండి, సరిదిద్దుకుంటాను. ఆమె గురించి మరొక అబద్ధం నా వల్ల మిగలకూడదు.