కురిసే కప్పు కింద పట్టు పందిరి

తొంభైల నడుమ, మద్రాసు వాషర్‌మెన్‌పేటలో మా సంఘానికి నేను కార్యదర్శిని. సంఘమంటే పప్పులు, చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం చేసే మా తెలుగు కుటుంబాలే. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవాణ్ణి వీధి మొత్తానికి నేనొక్కణ్ణే కాబట్టి ఆ పదవి నా నెత్తిన పడింది. సంఘం చేసే ఘనకార్యం ఒకటే. గిడ్డంగి వెనక రేకుల గదిలో మా మేనత్త బాల్వాడీ నడిపేది. రాయపురంలో చేపలమ్మే తల్లులు తెల్లారకముందే పిల్లల్ని తెచ్చి అత్త ఒళ్లో పడేసి పోయేవాళ్లు. వాళ్లంతా ఒక్కసారి ఏడుపు లంకించుకుంటే హార్బర్‌లో ఓడలు దారి తప్పేవి.

ఆ రేకులు కురిసేవి. కురవడమంటే మామూలు కురవడం కాదు, బయట వాన వెలిశాక కూడా లోపల ఇంకో గంట సాగేది. అక్టోబరులో మొదలయ్యే ఐప్పసి నెల వానల్లోగా కప్పు మారకపోతే బాల్వాడీ మూసేస్తానని అత్త తేల్చి చెప్పింది.

"పోయినేడు ఇద్దురు పిల్లోళ్లకి రొమ్ము పడిశెం పట్టింది. ఈ ఏడు నావల్ల కాదురా అబ్బయా."

మూసేస్తే ఆ పిల్లలంతా చేపల గంపల పక్కన, లారీల మధ్యన. సంఘం పెద్దలేమో గుడి గోపురానికి ఇచ్చి ఇచ్చి చేతులెత్తేసిన ఏడాది అది. నగరంలో ఒక ట్రస్టు ఇలాంటి పనులకు గ్రాంటు ఇస్తుందని విని దరఖాస్తు ఫారం తెచ్చాను. అబ్బ, ఆ ఫారం! బల్ల మీద పెడితే బల్ల కుంగింది. చిత్రగుప్తుడు కూడా అన్ని వివరాలు అడగడు. అయినా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా వీధి మొహమే చూడనివాళ్లు మా పిల్లలు ఏం తింటారో, ఎంతసేపు నిద్రపోతారో కాగితం మీద అడుగుతున్నారంటే ఒళ్లు జలదరించింది.

ఒక్క ప్రశ్న దగ్గర బండి ఆగిపోయింది. మీకున్న కొరత ఏమిటి? సంఘం అధ్యక్షులు మా పెదనాన్న, అత్తకు స్వయానా అన్న. ఆయన మండిపడ్డాడు. కొట్లో సరుకు లేకపోయినా ఖాళీ డబ్బాలు వరసగా పేర్చి నిండుగా చూపించడం మా వంశవిద్య.

"మన ఓటి కుండ ఊరోళ్లకి చూపిచ్చేది ఏందిరా? మానం పోతాది."

"మానం తడవదన్నా, పిల్లోళ్లు తడుస్తారు," అంది అత్త.

పెదనాన్న కంటపడకుండా ఆ గడిలో ఉన్నదున్నట్టు రాసి పంపాను. కొన్నాళ్లకు ట్రస్టు తరఫున ఒకావిడ చూడటానికి వస్తున్నట్టు జవాబొచ్చింది.

ఆగస్టులో ఆవిడ వచ్చే రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మా గది మాయమైపోయింది. పెదనాన్న పెళ్లిపందిళ్లు వేసేవాళ్లను పిలిపించి రేకుల కింద ఎర్ర పట్టుగుడ్డ బిగించేశాడు. గోడలకు సున్నం, గుమ్మానికి అరటి బోదెలు, గదినిండా కొత్త చాపలు. ఇంద్రుడొచ్చి అడిగినా అద్దెకు దొరకనంత వైభోగం!

అత్త నుదురు కొట్టుకుంది. "పెండ్లిచూపులా అన్నా ఇది? ఆయమ్మ అంతా బాగుండాదని చెప్పి పోతాది."

"సుమ్మా ఉండు మే, నోరెత్తబాక. ఇచ్చేటోళ్లు నిండుగా ఉండే చోటే ఇస్తారు."

ఆవిడ వచ్చింది. నూలు చీర, చిన్న నోటుబుక్కు. వెండి లోటాలో కాఫీ తాగి, చుట్టూ చూసి, "అన్నీ చక్కగా ఉన్నాయే! మరి దేనికి అడిగినట్టు?" అంది. పెదనాన్న మీసం జానెడు పెరిగింది. నా గుండె ఊరవతల ఎన్నూరు దాకా జారింది. పరాయి మనిషి ముందు అన్నను చిన్నబుచ్చలేక అత్త పెదవి కొరుక్కుంది.

అంతలో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని పిల్లలు లోపలికొచ్చి కూర్చున్నారు. నలుగురు ఒక మూల, ఆరుగురు గోడవార, ఇద్దరు గడప పక్కన. నడిమి చాపలన్నీ ఖాళీ. ఇంట్లో అరవమే అయినా అత్త దగ్గర తెలుగు అబ్బిన నాలుగేళ్ల పిల్లను ఆవిడ పిలిచింది.

"ఇలా మధ్యలోకి రామ్మా, ఎంత చోటుందో చూడు."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఆడ వద్దు. ఆడ నీళ్లు పడతాది."

ఆవిడ పైకి చూసి, గుడ్డ విప్పమంది. బల్లెక్కి ముడులు విప్పాను. పట్టుగుడ్డ జారింది. రేకుల చిల్లుల్లోంచి నడినెత్తి ఎండ ధారలు ధారలుగా దిగింది. నేల మీద రూపాయి బిళ్లలంత వెలుగు చుక్కలు. ఒక్కటీ ఒక్క పిల్ల మీద పడలేదు. అన్నీ ఖాళీ చాపల మీదే. అక్కడ ఎవరూ గీత గీయలేదు. ఆ పసివాళ్ల ఒళ్లకే వాన దారి మొత్తం కంఠతా వచ్చేసింది. ఇందులో నేను ఒక్క చుక్క కూడా కలపలేదు. బల్ల మీంచి దిగడం మరిచిపోయి అలాగే చూస్తుండిపోయాను.

పెదనాన్న ఆ చుక్కల్ని చూశాడు, అత్తను చూశాడు. గొంతు సవరించుకుని, "రాసుకో తల్లీ. మాకు కప్పు లేదు," అన్నాడు.

ఆవిడ రాసుకుంది. ఐప్పసికి వారం ముందే కొత్త రేకులు పడ్డాయి. తొలివాన నాడు గది నట్టనడుమ చాప పరిచి, పిల్లలకంటే ముందు పెదనాన్నే దాని మీద వెల్లకిలా పడుకున్నాడు, గంటసేపు, పైకే చూస్తూ.