ముక్కుకు అందని బూజు

కొరియాలో, గోక్సోంగ్ కొండల పక్క ఊళ్లో ఓక్‌బున్ ముక్కంటే అందరికీ గురి. ఉడికించి దంచిన సోయాను ఇటుకల్లా చేసి గడ్డితాళ్లకు వేలాడదీస్తే, బూజు పట్టి మేజు తయారవుతుంది. దాన్ని ఉప్పునీళ్ల జాడీలో ఊరబెడితే ఏడాది వంటకి సరిపడా సోయా ముద్ద, సోయా సాసు వస్తాయి. ఆ బూజు మంచిదో చెడ్డదో ఆమె గడపలో నిలబడే చెప్పేసేది. "పో, జాడీలో పెట్టుకో" అందంటే చాలు, ఆ ఇంటికి ఏడాదంతా ఢోకా లేదు. డెబ్భై దాటినా ఆ ముక్కుకి మాత్రం వయసు రాలేదు.

ఆ ముక్కే ఓ ముసురులో కొంప ముంచింది. కోళ్ల మేతకని కొట్టం గోడకి ఆనించిన మొక్కజొన్న బస్తాలు చెమ్మెక్కి, గింజల మీద పచ్చగా బూజు లేచింది.

"అత్తయ్యా, ఇది పారేద్దాం" అంది కోడలు మిరన్.

"ఇదిగో, సియోల్ పిల్లా! బూజు సంగతి నాకు చెబుతున్నావా? బూజు తినే కదే మనమంతా బతుకుతున్నాం! కడిగి ఎండబెడితే సరి."

తెరిపిచ్చిన మూడు రోజులూ ఎండబెట్టింది. గుప్పెడు తీసి వాసన చూసింది. కమ్మగానే ఉంది. కోళ్లకు పోసింది.

మూడో వారానికి రెండొందల కోళ్లలో సగం ముడుచుకు కూర్చున్నాయి. తురాయిలు పాలిపోయాయి, గుడ్లు తగ్గిపోయాయి. ఓక్‌బున్ భుజమెక్కి కూర్చునే ఎర్రకోడి ఒకరోజు పొద్దున్నే చచ్చి పడుంది. మొగుడు పోయాక ఆ కోళ్లే ఆమెకు లోకం. దాన్ని ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మిరన్ గింజలు పట్టుకెళ్లి పట్నంలో పరీక్షకిచ్చింది.

"కడిగితే పైబూజు పోతుందట గానీ, అది వదిలిన విషం గింజలోనే ఉంటుందట. ఎండకీ పోదు, వాసనా రాదు అత్తయ్యా."

ఓక్‌బున్‌కి చెడ్డ కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయింది.

పాత గింజలు పాతిపెట్టారు. ఉన్న గుడ్లనూ పారేశారు. కొత్త బస్తాలు గోడకి ఎడంగా చెక్కల మీదికెక్కాయి. విషం ఎక్కువగా నూకల్లోనే ఉంటుందని మిరన్ జల్లెడ పట్టింది. విషాన్ని పట్టి ఉంచే మట్టిపొడి కొంచెం కొలిచి దాణాలో కలిపింది.

"కోళ్లకి మట్టి పెడతావా? వచ్చే జన్మలో కోడినైతే నీ ఇంట మాత్రం పుట్టను."

"నేనూ అంతే అత్తయ్యా. మీ ఇంట పుడితే బూజు కడిగి పెడతారు."

ఓక్‌బున్ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. కోళ్లు ఒక్కొక్కటే తేరుకున్నాయి.

చలి మొదలయ్యాక పక్కింటి మల్సుక్ బుట్టెడు మొక్కజొన్నతో వచ్చింది. "అక్కా, కాస్త వాసన చూసి చెప్పవా, కోళ్లకి పెట్టొచ్చా?"

ఓక్‌బున్ అలవాటుగా బుట్ట మీదికి వంగింది. అంతలోనే ఆగి నడుం నిటారుగా చేసుకుంది.

"మేజు అయితే తే, చెబుతాను. ఇది నా ముక్కుకి అందే రకం కాదు. మా కోడల్ని అడుగు."

మిరన్ చేతిలో జల్లెడ ఆగిపోయింది. పదకొండేళ్ల కాపురంలో అత్త నోట "మా కోడలు" అన్న మాట వినడం అదే మొదటిసారి.